రాచపెళ్ళిళ్ళు - ప్రజాభిప్రాయం

బ్రిటిష్ చరిత్ర పాఠం చెబుతూండగా ఒక విద్యార్థి లేచి నన్నడిగాడు: "చార్టిస్టు ఉద్యమం నడిపిన కార్మికవర్గం, 1926లో సార్వత్రిక సమ్మె చేసిన కార్మికవర్గం, రాజుగారి కూతురి పెళ్ళి ఊరేగింపు చూడటానికి రాత్రంతా చలిలో వీధుల్లో ఎందుకు పడుకున్నదండీ?" అది పాలకవర్గం పోసిన మత్తుమందు అని చెప్పి ఆ రోజుకు పాఠం ముగించాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ జవాబు నాకే సరిపడలేదు. మత్తుమందు అనటం సులభమే. కాని ఆ మత్తు ఒక కాలంలో ఎక్కి, మరొక కాలంలో దిగటానికి కారణమేమిటి? దానిని పోసినవారి సంగతి సరే, తాగినవారికి ఏ దాహం ఉన్నది? చరిత్ర చెప్పేవాడు యీ ప్రశ్నలను దాటవేయటానికి వీల్లేదు.

ముందుగా ఒక భ్రమను తొలగించుకోవాలి. రాచపెళ్ళి ప్రజోత్సవంగా జరగటం బ్రిటన్‌లో అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. విక్టోరియా రాణి 1840లో సెయింట్ జేమ్స్ రాజప్రాసాదంలోని ప్రార్థనామందిరంలో పెళ్ళాడింది. ఆమె బిడ్డల వివాహాలలో ఏదీ వెస్ట్‌మినిస్టర్ అబేలో జరగలేదు. అటువంటి పెళ్ళిళ్ళు ప్రజలకు ముచ్చట గొలపటానికి బదులు కోపం తెప్పించిన సందర్భం కూడా ఉన్నది. 1871లో రాణి కూతురు లూయిస్ పెళ్ళికి 30,000 పౌన్ల కట్నమూ, ఏటా 6,000 పౌన్ల భరణమూ పార్లమెంటు మంజూరు చేసింది. ఆ పెళ్ళి మార్చి 21న జరిగింది. దానికి మూడు రోజుల ముందు, మార్చి 18న, పారిస్‌లో కమ్యూన్ విప్లవం మొదలయింది. ఆ కాలంలోనే బ్రిటిష్ పట్టణాలలో రిపబ్లికన్ క్లబ్బులు పదుల సంఖ్యలో వెలిశాయి. రాణికి పెడుతున్న ఖర్చును ఛార్లెస్ డిల్క్ బహిరంగసభలో ప్రశ్నించాడు.

మరి ఆ ఉద్యమం ఏమయింది? ఆ ఏడాది చివరలో యువరాజుకు టైఫాయిడ్ వచ్చి, చావు దాకా వెళ్ళి తగ్గింది. 1872 ఫిబ్రవరిలో సెయింట్ పాల్ చర్చిలో జరిగిన కృతజ్ఞతా ప్రార్థనకు లండన్ జనం వీధులు నిండా వచ్చారు. రాజవంశమంటే వారి కళ్ళకు ఖర్చుల పద్దుగా కనిపించినప్పుడు ప్రజలు ప్రశ్నించారు. ఒక తల్లిగా, ఒక జబ్బుపడిన కొడుకుగా కనిపించినప్పుడు కరిగిపోయారు. సింహాసనంపై ఒక కుటుంబం కూర్చోవటంలో ఉన్న బలం యిదేనని బ్యాజట్ 1867లోనే తన రాజ్యాంగ గ్రంథంలో వివరించాడు. ఆయన రాజరికానికి శత్రువు కాడు. అందుకే ఆయన సాక్ష్యానికి విలువ ఎక్కువ.

ఈ కరుణ ఒకవైపే ప్రవహించటాన్ని సహించలేకపోయినవాడు కీర్ హార్డీ. 1894 జూన్ 23న వేల్స్‌లోని ఆల్బియన్ బొగ్గుగనిలో జరిగిన ప్రేలుడులో 290 మంది మరణించారు. అదే రోజున రాజవంశంలో ఒక మగబిడ్డ పుట్టాడు. కామన్స్ సభ బిడ్డ పుట్టినందుకు అభినందన తీర్మానం పెట్టింది. చచ్చిన కార్మికుల కుటుంబాలకు సానుభూతి తీర్మానం లేదు. పదేళ్ళ వయస్సుకే గనిలో దిగిన హార్డీ, సభ్యుల గేలి మధ్య ఒంటరిగా లేచి దానిని ఎదిరించాడు.

1917లో రష్యా చక్రవర్తి సింహాసనం కూలింది. ఆ జూలై 17న ఐదవ జార్జి తన వంశపు జర్మన్ పేరు తీసివేసి విండ్సర్ అని పెట్టుకున్నాడు. తన బిడ్డలు బ్రిటిష్ కుటుంబాలతోనే వియ్యమందవచ్చునన్న నిర్ణయాన్నీ ఆనాడే తన సలహామండలికి తెలియజేశాడు. రెండేళ్ళు తిరగకుండా, 1919లో, రాచపెళ్ళి వెస్ట్‌మినిస్టర్ అబేకు వచ్చింది. 1923లో పెళ్ళితంతును రేడియోలో ప్రసారం చేయటానికి మతాధికారులు ఒప్పుకోలేదు. సారాదుకాణాలలో టోపీలు తీయకుండా వింటారేమోనని వారి భయం. 1934 నాటికి ఆ భయం పోయింది. 1960లో మార్గరెట్ పెళ్ళి టెలివిజన్‌లో వచ్చింది. మనం సనాతనమనుకుంటున్న వేడుక విప్లవభయం నీడలో పెరిగిన కొత్త వేడుక.

ఇక నా విద్యార్థి అడిగిన పెళ్ళికి వస్తాను. 1947 నవంబరు 20న ఎలిజబెత్ వివాహం జరిగింది. యుద్ధంలో గెలిచిన దేశంలో రొట్టెకు రేషను, బట్టకు రేషను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఆనాటి బ్రిటన్‌కు అతికినట్టు సరిపోతుంది. పెళ్ళికూతురి దుస్తులకు ప్రభుత్వం అదనపు కూపన్లిచ్చింది. అయినా వందలాది స్త్రీలు తమ సొంత కూపన్లను ఆమెకు పంపారు. కూపన్లు చేతులు మారటం చట్టవిరుద్ధం కనుక వాటిని తిప్పి పంపవలసివచ్చింది. అదే సమయంలో లండన్‌లోని కామ్డెన్ టౌన్ వడ్రంగుల సంఘం శాఖ, ఇటువంటి కష్టకాలంలో ఆడంబరం ప్రజలకు అవమానమని రాజుకు లేఖ రాసింది.

కూపను పంపిన స్త్రీ, లేఖ రాసిన వడ్రంగి ఒకే వర్గంవారు. బహుశా ఒకే వీధివారు కూడా. ఆమెను తెలివితక్కువదనటానికి నాకు నోరు రావటంలేదు. యుద్ధకాలంలో ఎరువు తెచ్చుకున్న గౌనుతో పెళ్ళిపీటలెక్కిన ఆడపిల్లలు ఆ దేశంలో కోకొల్లలు. తనకు దక్కని ముచ్చట ఎవరికో ఒకరికి దక్కితే చాలుననుకున్నది ఆమె. ఆ కోరిక న్యాయమైనది. ఆ కోరికను ఆమెకే తీర్చని వ్యవస్థ అన్యాయమైనది.

ఆ పెళ్ళికానుకలలో మన తెలుగునేలకు సంబంధించినది ఒకటున్నది. హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, నచ్చిన నగలు ఏరుకొమ్మని పెళ్ళికూతురికి కార్టియర్ దుకాణాన్నే చూపించాడు. ఆమె వజ్రాలహారమూ, కిరీటమూ ఎంచుకున్నది. ఆ నాటికి కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగి ఏడాది దాటింది. వెట్టికీ, దేశ్‌ముఖుల గడీలకూ ఎదురుతిరిగి తెలంగాణా రైతులు పోరాడుతున్నారు. పెళ్ళయిన తొమ్మిది రోజులకు నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. ఆ హారాన్ని బ్రిటిష్ పత్రికలు నేటికీ నిజాం హారమనే పిలుస్తాయి. దానికి ఇంకొక పేరు కూడా ఉండాలి. నిజాం ఖజానా రైతు శిస్తుతో నిండినది గదా! ఇదే పెళ్ళికి గాంధీ తాను వడికిన నూలుతో అల్లిన చిన్న గుడ్డ పంపాడు. ముసలిరాణి మేరీ దానిని గోచీగుడ్డగా పొరబడి ఏవగించుకున్నదట. వజ్రాలను చూసి మాత్రం అక్కడ ఎవరూ ముఖం చిట్లించుకోలేదు.

తర్వాతి చరిత్ర ఏమి చెబుతున్నది? 1981 జూలైలో ఛార్లెస్, డయానాల పెళ్ళి జరిగింది. బ్రిక్స్టన్, టాక్స్టెత్ పేదపేటలు తగలబడిన సంవత్సరమే అది. 2011లో విలియం పెళ్ళి ప్రభుత్వం ప్రజాసేవల ఖర్చు కోస్తున్న రోజులలో జరిగింది. 2018లో హ్యారీ పెళ్ళికి ముందు, విండ్సర్ వీధుల్లో పడుకునే ఇల్లులేనివారిని పోలీసులు తొలగించాలని ఆ పట్టణ కౌన్సిలు నాయకుడే కోరాడు. ఇన్ని వేడుకలు జరిగినా, రాజరికం 'చాలా ముఖ్యం' అన్నవారు బ్రిటిష్ సామాజిక అభిప్రాయ సర్వేలో 1983లో నూటికి 65 మంది కాగా, 2023లో వెలువడిన ఫలితాలలో 29 మందికి పడిపోయారు. పెళ్ళి చూడటానికి వచ్చిన జనమంతా రాజరికానికి ఓటు వేసినట్టు కాదు. అలాగని ఆ 29ని చూసి రాజరికం రేపే కూలుతుందనుకోవటమూ పొరబాటే. రద్దు కావాలనేవారు ఇంకా అల్పసంఖ్యాకులే.

ఆ విద్యార్థికి ఇప్పుడు నా జవాబు యిది. వీధిలో పడుకున్నవారిని వెక్కిరించకు. వారు ఆనందానికి ఆకలిగొన్నవారు. వెక్కిరించేవాడి మాట ఆకలిగొన్నవాడు వినడు. ఆ పెళ్ళివిందు ఖర్చు ఎవరు పెట్టారు, ఆ హారంలోని రాళ్ళ వెల ఏ ఊరి రైతు చెల్లించాడు అన్న లెక్క వారి ముందు విప్పు. 1871లో ఆ లెక్క విప్పినప్పుడు జనం విన్నారు. జ్వరపడిన బిడ్డను చూసి మరచిపోయారు. గనిలో కాలిన 290 మంది కూడా ఎవరో ఒక తల్లి బిడ్డలేనని, లెక్కతోపాటు ఆ మాటా చెప్పగలిగిననాడు జనం మరచిపోరు.