యూనిట్ – 9: గాజు ప్లేటుపై ఆకాశం – వేధశాలలు చీకటిని వెతుక్కున్న చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• వేధశాలలు అగ్నిపర్వత ద్వీపాల శిఖరాలకు ఎందుకు చేరాయో వివరించగలుగుతారు.
• ఆకాశ చిత్రణలో నిజామియా వేధశాల పాత్రను అంచనా వేయగలుగుతారు.
• ఛాయాచిత్రాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

మీరు మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఉంటున్నట్లయితే ఈ రాత్రి డాబా ఎక్కి దక్షిణం వైపు చూడండి. హైదరాబాద్ నగరం మీది ఆకాశం నల్లగా కాక తెల్లబారి కనిపిస్తుంది. ఆ వెలుగులో మసక చుక్కలు మునిగిపోతాయి. చరిత్ర అనగానే మనకు శాసనాలు, ఫర్మానాలు, కట్టడాలు గుర్తుకు వస్తాయి. కాని రాత్రి ఆకాశానికి కూడా చరిత్ర ఉంది. దానికి ముఖ్యమైన ఆధారాలు ఛాయాచిత్రాలు. ఆ చరిత్రలో ఒక అధ్యాయం మన బేగంపేటలో నడిచింది.

9.2 ద్వీప శిఖరాలపై వేధశాలలు

1856లో స్కాట్లండ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ పియాజ్జి స్మిత్ అట్లాంటిక్ సముద్రంలోని టెనెరీఫ్ ద్వీపానికి దుర్భిణులతో వెళ్ళాడు. అది అగ్నిపర్వతం వల్ల ఏర్పడిన ద్వీపం. మొదట 2,700 మీటర్ల ఎత్తున, తరవాత ఇంకా పైన మకాం వేసి, కొండ పైనుంచి చుక్కలు మరింత స్పష్టంగా కనిపిస్తాయని నిరూపించాడు. తన మకాములను, లావా నేలలను కెమెరాతో చిత్రించాడు. 1858లో ప్రచురించిన గ్రంథంలో ఆ చిత్రాలను చేర్చాడు.

ఇటువంటి శిఖరాల అనుకూలతకు మూడు కారణాలున్నాయి. మొదటిది, సముద్రపు మబ్బులు సాధారణంగా శిఖరానికి దిగువనే ఆగిపోతాయి. రెండవది, విశాల సముద్రం మీదుగా వచ్చే గాలిలో అలజడి తక్కువ కనుక చుక్కలు తక్కువగా మిణుకుతాయి. మూడవది, చుట్టూ నగరాలు లేవు. అందుకే నేటి పెద్ద దుర్భిణులలో అనేకం హవాయిలోని మౌనా కియా (4,205 మీటర్లు) మీద, కానరీ ద్వీపాలలోని లా పాల్మా మీద ఉన్నాయి.

మరి స్మిత్ రాత్రి ఆకాశాన్ని ఎందుకు చిత్రించలేదు? ఆనాటి ప్లేటును తడిగా ఉన్నప్పుడే వాడాలి. అది కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది. మసక చుక్కలు పడాలంటే అంత సమయం చాలదు. పొడి ప్లేట్లు వచ్చాక ఈ ఇబ్బంది తొలగింది. 1882లో దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో డేవిడ్ గిల్ తోకచుక్క చిత్రాలు తీయించినప్పుడు, వెనుక ఉన్న చుక్కలు కూడా లెక్కకు మించి పడ్డాయి. ఆకాశం మొత్తాన్ని ఇలాగే చిత్రించవచ్చునన్న ఆలోచన 1887 పారిస్ సమావేశంలో అంతర్జాతీయ పథకంగా రూపొందింది. సుమారు 20 వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి.

9.3 నిజామియా వేధశాల

నవాబ్ జాఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దుర్భిణి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పారు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. వేధశాల బేగంపేటకు మారింది. అప్పటికి బేగంపేట నగరపు అంచు.

దక్షిణ అమెరికాలోని శాంటియాగో వేధశాల పూర్తి చేయలేకపోయిన పట్టీని హైదరాబాద్‌కు అప్పగించారు. 1914లో సంచాలకుడు రాబర్ట్ పోకాక్ కాలంలో ప్లేట్లు తీయడం మొదలైంది. 1918లో ఆయన మరణించగా టి.పి. భాస్కరన్ బాధ్యత తీసుకున్నారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది.

దక్షిణ పట్టీ తరవాత, జర్మనీలోని పాట్స్‌డామ్ వదిలిన ఉత్తర పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల భాగాన్ని కూడా చేపట్టారు. బేగంపేట నుంచి చూస్తే ఆ చుక్కలు నడినెత్తికి సుమారు 20 డిగ్రీలు ఉత్తరంగా, అంటే మేడ్చల్ దిక్కుగా సాగిపోతాయి. ప్రతి ప్లేటుపై ముద్రించిన గళ్ళ ఆధారంగా ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి పట్టికలకు ఎక్కించారు. దశాబ్దాల పాటు సాగిన ఈ కొలతలు సంపుటాలుగా అచ్చయ్యాయి.

ఆ శ్రమ వృథా కాలేదు. 2000లో వెలువడిన టైకో–2 నక్షత్ర పట్టికలో సుమారు 25 లక్షల చుక్కలున్నాయి. అవి ఎంత కదిలాయో లెక్కకట్టడానికి ఉపగ్రహ కొలతలను ఈ పాత పట్టికలతో పోల్చారు. హైదరాబాద్ కొలతలు కూడా అందులో ఉన్నాయి.

ఈ వేధశాల ఉద్యోగి ఒకరి కుమారుడు వైను బప్పు. నిజాం కళాశాలలో చదివి హార్వర్డ్‌కు వెళ్ళిన ఆయన, 1949లో అక్కడ తీసిన ఒక ప్లేటుపై కొత్త తోకచుక్కను గుర్తించారు. తరవాత తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను నెలకొల్పారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
తడి ప్లేటు స్థానంలో పొడి ప్లేటు రావడం వల్ల ఆకాశ చిత్రణలో వచ్చిన మార్పు ఏమిటి?

9.4 చీకటి వెనక్కి తగ్గడం

నగరం పెరిగి బేగంపేట వీధి దీపాల మధ్యకు వచ్చింది. 1960ల చివరలో నగరానికి దూరంగా జాపాల–రంగాపూర్ వద్ద 48 అంగుళాల దుర్భిణిని నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడ పరిశీలించారు. దీపాలు ముందుకు వస్తే దుర్భిణి వెనక్కి జరగడం ఈ చరిత్రలోని క్రమం.

ద్వీపాలలో ఈ క్రమాన్ని ఆపే ప్రయత్నం జరిగింది. కానరీ ద్వీపాల ఆకాశ రక్షణకు స్పెయిన్ 1988లో చట్టం చేసి దీపాలను నియంత్రించింది. మన దేశంలో లడఖ్‌లోని హాన్లే పరిసరాలను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అయితే శిఖరం శాస్త్రానికి మాత్రమే చెందినది కాదు. మౌనా కియాను పవిత్రంగా భావించే హవాయి మూలవాసులు అక్కడ మరో భారీ దుర్భిణి కట్టడాన్ని 2015లోనూ, 2019లోనూ అడ్డుకున్నారు.

శామీర్‌పేట గుట్టలు గ్రానైటువి. ఎత్తు కూడా తక్కువ. మబ్బులకు పైన నిలిచే అవకాశం ఇక్కడ లేదు. ఉన్నది చీకటి ఒక్కటే. అవుటర్ రింగ్ రోడ్డు, కాలనీలు, పరిశ్రమలు వచ్చాక అది కూడా తరుగుతున్నది. నాటి బేగంపేట స్థితిలో నేడు మీ ఊరు ఉంది.

9.5 కృత్యం

చలికాలపు రాత్రి, చంద్రుడు లేని వేళ, పిల్లలకోడి చుక్కల గుంపును చూడండి. మంచి చీకటిలో కంటికి ఆరు చుక్కలు కనిపిస్తాయి. మీకు ఎన్ని కనిపించాయో రాయండి. ఫోనును కదలకుండా నిలిపి చిత్రం తీసి తేదీ, సమయం, స్థలం నమోదు చేయండి. ఏటా అదే చోటు నుంచి తీయండి. తేదీ, స్థలం లేని చిత్రం జ్ఞాపకంగా మిగులుతుంది. అవి ఉన్న చిత్రం ఆధారమవుతుంది. పోకాక్ కాలపు ప్లేట్లకు విలువ వచ్చింది ఈ నమోదు వల్లనే.

9.6 సారాంశం

ద్వీప శిఖరాలు చీకటిని, నిశ్చలమైన గాలిని ఇచ్చాయి. పొడి ప్లేటు ఆకాశాన్ని దస్తావేజుగా మార్చింది. హైదరాబాద్ ఆ దస్తావేజులో తన పట్టీలను పూర్తి చేసింది. ఆ పని సాగిన నగరంలో ఆ చీకటి నేడు లేదు. అంచున మిగిలిన దానిని కనీసం నమోదు చేయడం మీ వంటి చరిత్ర విద్యార్థులకు సాధ్యమే.

9.7 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. నిజామియా వేధశాల అంతర్జాతీయ ఆకాశ చిత్రణకు చేసిన సేవను వివరించండి.
2. నగర విస్తరణకు, వేధశాలల తరలింపుకు గల సంబంధాన్ని చర్చించండి.