మేయరుగారి లెక్క

1932 మే 25వ తేదీ ఉదయమున న్యూయార్కు నగరములోని న్యాయస్థాన భవనము ఎదుట వేలకొలది జనులు గుమిగూడిరి. నగర మేయరు జేమ్స్ వాకరు ఆ దినమున సాక్ష్యము చెప్పవలసియుండెను. ఆయన కనబడగనే జనులు జయజయధ్వానములు చేసిరి. అవినీతిపరుడని అనుమానింపబడినవానికి ఇట్టి స్వాగతమేమని మనకు తోచవచ్చును. వాకరును ఎరిగినవారికి మాత్రము అందు వింత యేమియు లేదు.

వాకరు 1881లో ఆ నగరముననే జన్మించెను. యౌవనమున పాటలు వ్రాసి పేరు పొందెను. పిమ్మట న్యాయవాదియై, రాష్ట్ర శాసనసభలలో చిరకాలము పనిచేసి, 1926లో మేయరయ్యెను. సొగసైన వేషము, చమత్కార సంభాషణ ఆయనకు పెట్టని సొమ్ములు. ఆయన వెనుక టామనీ హాల్ అను డెమోక్రటిక్ పక్ష సంస్థ నిలిచియుండెను. ఉద్యోగములు పంచుట, వోట్లు కూర్చుట ఆ సంస్థకు తరతరముల విద్య. 1929 ఎన్నికలలో ప్రత్యర్థియైన లాగార్డియా ఎన్ని ఆరోపణలు చేసినను ప్రజలు వాకరునే తిరిగి యెన్నుకొనిరి. ఎన్నికకు కొలది దినములముందే షేర్ల బజారు కూలిపోయినను, ఆ దెబ్బ యింకను వీధులకు తగులలేదు. కలిమి దినములలో లెక్క అడుగువాడు విందులో రసభంగము చేయువానివలె కనబడును.

దెబ్బ తగిలిన పిదప కథ మారెను. పనులు పోయినవారు రొట్టెకొరకు బారులు తీరుచుండగా, నగరపు సొమ్ము ఏమగుచున్నదను ప్రశ్న పుట్టెను. 1930లో క్రింది న్యాయస్థానముల అక్రమములపై విచారణ మొదలాయెను. నిర్దోషులైన స్త్రీలపై పోలీసులు దొంగ కేసులు బనాయించి డబ్బు గుంజుచుండిరని అందు వెల్లడియయ్యెను. దానిని నడపినవాడు సామ్యుయల్ సీబరీ. ఆయన మాజీ న్యాయమూర్తి. వాకరు పక్షమునకే చెందినవాడు, కాని టామనీకి బద్ధవిరోధి. 1931లో రాష్ట్ర శాసనసభ నగర పాలన మొత్తముపై విచారణ సంఘమును నియమించి, ఆయననే న్యాయవాదిగా పెట్టుకొనెను.

సీబరీ ఉపన్యాసములను నమ్ముకొన్నవాడు కాడు. బ్యాంకు ఖాతాలను నమ్ముకొన్నవాడు. ఫార్లీ అను షెరీఫు తన జీతమునకు అనేక రెట్లు ధనము బ్యాంకులో వేసినట్లు ఆయన చూపెను. ఆ ధనమంతయు ఇంటనున్న రేకుపెట్టెలోనిదని ఫార్లీ చెప్పిన సమాధానము విని నగరమంతయు నవ్వెను. 1932 ఫిబ్రవరిలో గవర్నరు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు ఆయనను పదవినుండి తొలగించుచు ఒక సూత్రమును స్థాపించెను. ప్రజాసేవకుని ధనము అతని జీతమును మించినపుడు, అది ఎట్లు వచ్చినదో నమ్మదగిన రీతిని ప్రజలకు చెప్పుట అతని విధి యనునదే ఆ సూత్రము. అనగా, దొంగతనమును రుజువు చేయు భారము అడుగువానిపై గాక, వివరించు భారము పదవిలోనున్నవానిపై పడెను.

ఇక మేయరుగారి లెక్క చూతము. 1927లో ఒక బస్సు కంపెనీకి నగర వీధులలో బస్సులు నడుపు హక్కు లభించెను. ఆ కంపెనీకి సొంత బస్సు ఒక్కటియు లేదు. ఆ కాలముననే మేయరు యూరపు యాత్రకు బయలుదేరగా, ఆ కంపెనీ ప్రతినిధి పదివేల డాలర్ల పరపతి పత్రము సమకూర్చెను. పాల్ బ్లాక్ అను పత్రికాధిపతి మేయరుతో కలిసి షేర్ల వ్యాపారపు ఉమ్మడి ఖాతా తెరచెను. అందులో ఒక్క డాలరైనను పెట్టకయే వాకరు 2,46,692 డాలర్లు పొందెను. అది నాటి ఆయన పది సంవత్సరముల జీతమునకు దాదాపు సమానము. మేయరు జీతము చాలునా యని తన చిన్న కుమారుడు అడుగగా జాలిపుట్టి ఇట్లు చేసితినని బ్లాక్ చెప్పెను. భూగర్భ రైలుస్టేషనులకు పలకలమ్మదలచిన ఒక వ్యాపారములో ఆ బ్లాకునకే వాటా ఉండెను. టాక్సీ వ్యాపారమున ఆసక్తిగల సిస్టో అను మరియొకరు 26,535 డాలర్ల బాండ్లిచ్చెను. వాకరు సొంత లెక్కలు చూచిన షెర్వుడ్ అనునతడు పది లక్షల డాలర్లకు చేరువగా బ్యాంకులలో వేసి, సాక్ష్యమునకు పిలువగా మెక్సికోకు పోయి మరి రాలేదు.

ఇవి మిత్రుల ప్రేమకానుకలే యని వాకరు వాదించెను. కావచ్చును. కాని మిత్రులలో నగరముతో పని యున్నవారే ఇంత ఉదారులగుట ఏమని సీబరీ ప్రశ్న. దానికి సరియైన సమాధానము దొరకలేదు.

జూన్‌లో సీబరీ ఆరోపణలను గవర్నరునకు పంపెను. అప్పటికి రూజ్వెల్టు అధ్యక్ష పదవికి పోటీకి దిగుచుండెను. టామనీ వోట్లు ఆయనకును కావలసినవే. అయినను ఆగస్టులో ఆల్బనీ నగరమున ఆయన స్వయముగా విచారణ జరిపెను. తీర్పు రాకమునుపే, సెప్టెంబరు 1వ తేదీన, వాకరు రాజీనామా ఇచ్చి పిమ్మట యూరపునకు ఓడ ఎక్కెను. ఏ న్యాయస్థానమును ఆయనను దోషిగా నిర్ణయింపలేదు. 1933 ఎన్నికలలో లాగార్డియా గెలిచి మేయరయ్యెను. ఆ లాగార్డియాయే 1940లో వాకరునకు దుస్తుల పరిశ్రమలో తగవులు తీర్చు ఉద్యోగమిచ్చుట గమనింపదగినది. వాకరు 1946లో మరణించెను.

మన పురపాలక చట్టములును సభ్యునకు కాంట్రాక్టులలో స్వలాభము ఉండరాదని చెప్పుచున్నవి. వాకరు పేర కాంట్రాక్టు ఒక్కటియు లేదు. కానుకలు మాత్రమే యుండెను. చట్టము చూడలేని ఆ చోటును చూచినది ఒక ప్రశ్న: ఇచ్చినవాడెవడు, అతనికి నగరముతో నున్న పని యేమి? నాడు జయధ్వానములు చేసినవారిలో ఎవరును ఆ ప్రశ్న అడుగలేదు. బస్సు కూలి చెల్లించువారు మాత్రము వారే.