ఏడవడానికి మాత్రమే అనుమతి

అరబ్బీ కవిత్వ చరిత్రలో స్త్రీల కోసం వెతికితే ముందుగా వినిపించే పేరు అల్ ఖన్సా. 7వ శతాబ్దంలో జీవించిన ఈమెకి కీర్తి తెచ్చినవి తెగల పోరులో చనిపోయిన సోదరులు ముఆవియా, సఖ్ర్‌ల కోసం చెప్పిన విలాప కవితలు. ‘రిసా’ అనే ఈ ప్రక్రియలో మగవాళ్ళూ రాశారు. కానీ స్త్రీ గొంతుకి పదిమందిలో గౌరవం దొరికింది ప్రధానంగా ఇక్కడే. చనిపోయిన మగవాళ్ళ కోసం ఆమె ఎంత గొప్పగా ఏడిస్తే అంత మెచ్చుకున్నారు. మరి ఆమె తన కోసం తాను ఏడిస్తే?

ఈ ప్రశ్నకి జవాబు పాలస్తీనా కవయిత్రి ఫద్వా తూఖాన్ జీవితంలో ఉంది. నాబ్లుస్‌లో పేరున్న కుటుంబంలో 1917లో పుట్టింది ఫద్వా. ఆమె పుట్టినరోజు తల్లికి గుర్తులేదు. కడుపుతో ఉండగా తన బంధువు ఒకరు యుద్ధంలో చనిపోయాడని మాత్రం గుర్తుంది. అలా ఒక మగవాడి చావుని బట్టి ఈ ఆడపిల్ల పుట్టుకని లెక్కగట్టుకోవాల్సి వచ్చింది.

తెలిసీ తెలియని వయసులో ఒక అబ్బాయి ఆమెకి మల్లెపువ్వు ఇచ్చాడు. అంతే, బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ చీకట్లో చేయి అందించింది అన్న ఇబ్రహీం. అప్పటికే ఆయన పేరున్న కవి. చెల్లెలికి కవిత్వం నేర్పడానికి మొదటి పాఠంగా ఆయన ఎంచుకున్నది, ప్రాచీన కాలపు స్త్రీ ఒకామె తన సోదరుడి కోసం చెప్పిన విలాప కవిత. అరబ్ స్త్రీలు ఎంత బాగా రాయగలరో చెల్లెలికి చూపించాలనుకున్నాడు. 1941లో ఇబ్రహీం చనిపోయాడు. ఆ పాఠం ఆమె జీవితమైపోయింది. 1946లో అన్న గురించి పుస్తకం రాసింది. 1952లో వచ్చిన తొలి సంపుటికి ‘రోజులతో ఒంటరిగా’ అని పేరు పెట్టుకుంది.

అన్న పోయాక తండ్రి ఆమెని రాజకీయ కవిత్వం రాయమన్నాడు. గడప దాటనివ్వని మనిషే దేశం గురించి రాయమంటున్నాడు! బయటి ప్రపంచంలో తనకి చోటే లేనప్పుడు దాని గురించి ఎలా రాయను అని ఆమె లోలోపల కుమిలిపోయింది. 1948లో తండ్రి చనిపోయాడు. అదే ఏడు దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళూ ఊళ్ళూ పోగొట్టుకున్నారు. శరణార్థులు నాబ్లుస్‌కీ వచ్చారు. ఆ కల్లోలంలో పరదాలు సడలాయి, ఫద్వాకి వీధి దొరికింది. జాతి ఇల్లు కోల్పోయిన ఏడే ఆమె ఇంటి తలుపు తెరుచుకుంది. ఈ చేదు నిజాన్ని ఆమె దాచుకోలేదు.

1967లో నాబ్లుస్ ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్ళింది. ఫద్వా ప్రతిఘటన కవయిత్రి అయింది, జాతి ఆమెని నెత్తిన పెట్టుకుంది. అయినా 1985లో ఆత్మకథ అచ్చువేసినప్పుడు ‘కొండదారి ప్రయాణం, కష్టమైన ప్రయాణం’ అన్న ఆ పుస్తకంలో ఆమె ముందు చెప్పింది సైనికుల గురించి కాదు. అక్కర్లేని బిడ్డగా పుట్టడం గురించి, మల్లెపువ్వు గురించి, సొంత ఇంటి గోడల గురించి. శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడు ఇంటి గుట్టు బయటపెట్టొచ్చా అనే ప్రశ్న ఉద్యమాల్లో ఉన్న ఆడవాళ్ళకి కొత్తది కాదు. ఫద్వా మాత్రం రెండు దుఃఖాల్లో ఒకదాన్ని చిన్నది చేసి పక్కన పెట్టలేదు. ఆక్రమణ కింది జీవితాన్ని 1993లో వచ్చిన రెండో భాగంలో చెప్పింది. దానికి ‘మరింత కష్టమైన ప్రయాణం’ అని పేరు పెట్టింది.

అన్న కోసం ఏడిస్తే చెల్లెలన్నారు, దేశం కోసం ఏడిస్తే జాతి కవి అన్నారు. తన కోసం తాను ఏడ్చే హక్కుని మాత్రం ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. అల్ ఖన్సా నుంచి వచ్చిన విలాప కవిత్వానికి ఆమె చేర్చిన కొత్త మాట ఇదే అని నాకనిపిస్తుంది. 2003 డిసెంబరులో ఆ నాబ్లుస్‌లోనే ఆమె కన్నుమూసింది. అప్పటికీ ఆ ఊరు ఆక్రమణలోనే ఉంది. కానీ ఆమెని బంధించిన ఇంటి గోడల గురించి అప్పటికే లోకమంతా చదివింది.