అవ్వ వాళ్ల ఊరి దుమ్ము, టక్ టక్ చప్పుడు: జీప్ నుంచి స్కార్పియో దాకా మన బండ్ల చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక చప్పుడుతో మొదలుపెడతాను. టక్. టక్ టక్. ఎడమవైపు ముందు చక్రం దగ్గర. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద రాదు. చిన్న చిన్న గతుకులున్న చోట, బండి 20లోనో 30లోనో పోతున్నప్పుడు మాత్రమే వస్తుంది.

రెండేళ్ల కింద నేనొక సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో దాచుకున్న డబ్బులు అవి. కర్నూలు నుంచి బేతంచెర్ల, బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు దగ్గర మా అవ్వ వాళ్ల ఊరికి నెలకు రెండుసార్లు తిరిగేవాడిని. చప్పుడు మొదలవగానే ఒక షాపుకి తీసుకెళ్తే, చూడకుండానే "షాక్ అబ్జార్బర్లు పోయినాయి" అన్నారు. రెండూ మార్పించాను, 14 వేలు అయింది. చప్పుడు పోలేదు. అదే నెలలో, వీడియోలు చూసి, కంపెనీ ఎయిర్ ఫిల్టర్ పెట్టె పీకేసి బయటికి కనపడే కోన్ ఫిల్టర్ వేయించాను. పికప్ పెరుగుతుందని నమ్మాను. నిజం చెప్పాలంటే ఆ "హుస్స్" సౌండ్ నచ్చింది, అంతే.

ఎనిమిది నెలల తర్వాత జమ్మలమడుగులో ఒక పెద్దాయన, పాత జీప్ మెకానిక్, బండి కింద పడుకుని ఒక చిన్న రాడ్డు పట్టుకుని ఊపాడు. టక్ టక్. స్టెబిలైజర్ లింక్ రాడ్. కొన్ని వందల రూపాయల పార్ట్. తర్వాత బానెట్ ఎత్తి, ఫిల్టర్ వెనకాల ఉన్న పైపు ఊడదీసి, లోపల వేలు పెట్టి తిప్పి చూపించాడు. వేలికంతా మన్ను. "ఫిల్టర్ దాటి పోయిన మన్నప్పా ఇది. ఆ పెట్టె ఎందుకు తీసేసినావు?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. బీటెక్ చదివినా లేదు. అసలు ఆ పెట్టె ఎందుకు పుట్టింది, ఆ లింక్ రాడ్ మన బండ్లలోకి ఎప్పుడొచ్చింది అని వెతుక్కుంటూ పోతే ఈ ఎపిసోడ్ తయారైంది.

ముందు రోడ్డు సంగతి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య అనే ఆయన మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. మద్రాసు సుప్రీం కోర్టులో పనిచేసిన మనిషి. కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా, అంటే మన ప్రాంతం గుండానే వెళ్లాడు. ప్రయాణం పల్లకీలో. ఆలోచించండి, ఆ బండికి సస్పెన్షన్ ఏది? బోయీల మోకాళ్లు, భుజాలు. గతుకు వస్తే వాళ్ల కాళ్లు వంగి సర్దుకునేవి. చప్పుడు చేసే పార్ట్ ఒక్కటీ లేదు. నొప్పి మాత్రం మనుషులదే.

అదే దారిలో నేల ఎలా ఉంటుందో చూడండి. నంద్యాల చుట్టూ నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. పైన ఎంత మంచి తారు వేసినా కింద నేల ఊపిరి తీసినట్టు లేచి దిగుతుంటే రోడ్డు అలలు తిరుగుతుంది. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప దారి ఒకప్పుడు 18వ నంబర్ జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు 40 అయింది, తర్వాత నాలుగు వరసలైంది. ఇప్పుడు దాని మీద నూరులో పోతున్నా టీ తాగొచ్చు. కానీ ఊరి దారికి తిరగ్గానే పాత కథే.

ఆ నేల మీదికి జీప్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 6 లక్షలకు పైగా జీప్‌లు చేసింది. యుద్ధం అయ్యాక, 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీప్ భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. దానికి ముందూ వెనకా కమాన్ పట్టీలే, అంటే లీఫ్ స్ప్రింగులు. ముందు ఒక ఇరుసు, వెనక ఒక ఇరుసు, వాటి మీద పట్టీలు. కూర్చుంటే నడుము విరుగుతుంది. కానీ కదిలే జాయింట్లు తక్కువ కాబట్టి చప్పుడు చేసే చోట్లు కూడా తక్కువ. కీచు కీచుమంటే పట్టీల మధ్య తుప్పో, షాకిల్ బుష్ అరుగుదలో. గడగడమంటే యూ బోల్ట్ లూజు. ఆ కాలం మెకానిక్ చెవితోనే చెప్పేవాడంటే అందుకే.

1994లో టాటా సుమో వచ్చింది. ఆ పేరు జపాన్ కుస్తీ నుంచి వచ్చిందనుకుంటారు చాలామంది. కాదు, టాటా మోటార్స్‌ని నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులో మొదటి అక్షరాలు అవి. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. రాయలసీమ అంటే గాల్లోకి లేచే సుమోలే అని సినిమా వాళ్లు రాష్ట్రమంతా నమ్మించేశారు. మా ఊళ్లో సుమో చేసిన పని వేరు. పెళ్లికి, కాన్పుకి ఆసుపత్రికి, ఏడాదికోసారి తిరుమలకి. పదిమందిని ఎక్కించుకుని తిరిగింది. సినిమాలో చూపించని ఇంకో మార్పు దాని అడుగున ఉంది. వెనక పట్టీలే ఉంచి, ముందు చక్రాలను దేనికది విడిగా కదిలేలా చేశారు. 2000లో వచ్చిన బొలెరో కూడా అంతే. 2002లో స్కార్పియో వెనక కూడా కాయిల్ స్ప్రింగులకు మారింది. తర్వాత 2012లో డస్టర్, 2015లో క్రెటా లాంటివి వచ్చేసరికి ఎస్‌యూవీ అడుగు భాగం దాదాపు కారులా అయిపోయింది.

ఇక్కడే అసలు పాయింట్. చక్రం విడిగా కదలాలంటే దాన్ని పట్టుకునే చేతులు కావాలి, చేతులకు బాల్ జాయింట్లు కావాలి, రబ్బరు బుష్‌లు కావాలి, మలుపులో బండి వాలకుండా స్టెబిలైజర్ బార్, దానికి లింక్ రాడ్లు కావాలి. మన నడుముకి సుఖం వచ్చింది, ఆ ఖర్చంతా ఈ చిన్న జాయింట్ల మీద పడింది. జాయింట్ ఎక్కడుంటే చప్పుడు అక్కడ పుడుతుంది. కాబట్టి చప్పుడు రాగానే పెద్ద పార్ట్ మార్చడం కాదు, అది ఏ పని చేసినప్పుడు వస్తుందో చూడాలి.

చిన్న గతుకుల మీద, తక్కువ స్పీడులో టక్ టక్ అంటే ముందు లింక్ రాడ్‌ని, స్టెబిలైజర్ బుష్‌ని అనుమానించండి. పెద్ద గుంతలో పడ్డప్పుడు ధడ్ అంటే షాక్ అబ్జార్బర్ మౌంటింగో, లోపలి రబ్బరు స్టాపరో. బ్రేక్ వేసినప్పుడు ఒక్కసారి టంగ్ అంటే లోయర్ ఆర్మ్ బుష్. నిలబడి స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ దగ్గర టక్కుమంటే, కారు తరహా బండ్లలో స్ట్రట్ పైన ఉండే మౌంట్. స్పీడుతో పాటు పెరిగే గూఁ అనే మోత సస్పెన్షన్‌ది కాదు, ఎక్కువసార్లు అది వీల్ బేరింగ్ లేదా టైరు అరుగుదల.

కీచుమనే రబ్బరు బుష్ ఏదో తెలియకపోతే ఒక్కో దాని మీద నీళ్లు చల్లి బండి ఊపండి. ఎక్కడ తడిపితే చప్పుడు కాసేపు ఆగిందో అదే. చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా? బేరింగ్ లేదా బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుంటే ఆడుతోందా? స్టీరింగ్ టై రాడ్. ఉత్త జాకీ మీద మాత్రం బండి కింద దూరొద్దు, స్టాండ్ పెట్టండి. లింక్ రాడ్ చప్పుడుతో నాలుగు రోజులు తిరగొచ్చు. బాల్ జాయింట్ ఆడుతుంటే ఒక్కరోజు కూడా తిరగొద్దు. అది ఊడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది.

ఇప్పుడు దుమ్ము కథ. పాత జీప్ బానెట్ ఎత్తితే డబ్బాలాంటిది కనిపిస్తుంది, ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. లోపలికొచ్చిన గాలి నూనె మీద తిరిగి పోతుంది, దుమ్ము నూనెలో ఉండిపోతుంది. ఇప్పటికీ చాలా ట్రాక్టర్లలో అదే పద్ధతి. ట్రాక్టర్ బానెట్ పైన పైపుకి గిన్నెలాంటి మూత ఉంటుంది చూశారా? అది ముందే గాలిని గిరగిరా తిప్పి పెద్ద దుమ్ముని బయటే పడేస్తుంది. గాలి శుభ్రం చేయడమే దాని పని, స్టైల్ కోసం పెట్టింది కాదు.

దీని విలువ ఎడారి యుద్ధంలో బాగా తెలిసింది. 1942లో ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్ల స్పిట్‌ఫైర్ విమానాలకు ఇసుక లోపలికి పోకుండా ముక్కు కింద వోక్స్ అనే పెద్ద ఫిల్టర్ తగిలించారు. ఇంజన్ బతికింది, కానీ విమానం స్పీడు తగ్గింది. పైలట్లకు అది నచ్చలేదు. అప్పుడు ఈజిప్టులో అబూకిర్ దగ్గరున్న వర్క్‌షాపులో దానికంటే చిన్న ఫిల్టర్ తయారు చేశారు. ఒక రకంగా అది కూడా ఆఫ్టర్‌మార్కెట్ ఇన్‌టేకే. కానీ ఒక్కటి గమనించండి. స్పీడు కావాలని, అదీ ప్రాణాల మీద పోరాటంలో, ఫిల్టర్‌ని పీకేయలేదు. చిన్నది చేశారు, గాలికి అడ్డు తగ్గించారు, దుమ్ముని మాత్రం ఆపారు. నేను ఇన్‌స్టాగ్రామ్ సౌండ్ కోసం ఆ జాగ్రత్తనే పారేశాను.

మన దుమ్ము మామూలుది కాదు. బేతంచెర్ల పక్క నాపరాయి సున్నపురాయి, దాని ఖనిజం కాల్సైట్ గట్టిదనం మోస్ స్కేల్ మీద 3. గండికోట పక్క రాయి క్వార్ట్‌జైట్, అందులోని క్వార్ట్జ్ 7. సిలిండర్ చేసే పోత ఇనుము కంటే గట్టిది. పైపులో అంటుకున్న ఎర్రమన్నులో ఆ క్వార్ట్జ్ ఉంటే, అది పిస్టన్ రింగుల దగ్గర గరుకు కాగితం లాగా పనిచేస్తుంది.

అందుకే ఇన్‌టేక్ కొనేముందు నాలుగు విషయాలు చూడండి. ఒకటి, కోన్ ఫిల్టర్ బానెట్ కింద తెరిచి ఉంటే అది పీల్చేది ఇంజన్ వేడి గాలి. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ. కంపెనీ పెట్టె బయటి చల్లగాలి తీసుకునేలా చేసి ఉంటుంది. రెండు, టర్బో డీజిల్‌లో ఎంత డీజిల్ పోయాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. గాలి దారి ఒక్కటే మారిస్తే పవర్ పెద్దగా పెరగదు, సౌండ్ పెరుగుతుంది. మూడు, నూనె పూసే కాటన్ ఫిల్టర్ అయితే నూనె ఎక్కువైతే గాలి కొలిచే సెన్సర్ మీద పడి తప్పు లెక్క చూపిస్తుంది. నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది, సీలింగ్. ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా పైపు క్లిప్పు దగ్గర వెంట్రుక మందం సందు ఉంటే దుమ్ము అక్కడి నుంచే పోతుంది. నా బండిలో జరిగింది ఇదే.

మన దారుల్లో తిరిగేవాళ్లకు నా సలహా: కంపెనీ పెట్టె ఉంచండి, అందులోకి సరిపోయే మంచి పేపర్ ఫిల్టర్ వేయండి, సర్వీస్ పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు చెప్పిన లెక్క ప్రకారం త్వరగా మార్చండి. ఇంకా కావాలంటే ట్రాక్టర్‌కి ఉన్నట్టు గాలిని తిప్పే ప్రీ క్లీనర్ ఉన్న స్నార్కెల్ చూడండి. కంప్రెషర్ గాలి కొట్టి పేపర్ ఫిల్టర్ దులపొద్దు, కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి.

నా బండి సంగతి? అవ్వ వాళ్లింట్లో అటక మీద పడేసిన పాత పెట్టె దులిపి మళ్లీ బిగించాను. టక్ టక్ పోయింది. కానీ ఇంజన్ ఇప్పుడు ఆయిల్ తాగుతోంది. కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే ఒక సిలిండర్ బాగా తక్కువ చూపించింది. ఇంజన్ పని వస్తే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. ఆ 14 వేలు పోతే పోయాయి. ఎనిమిది నెలల దుమ్ము మాత్రం వెనక్కి రాదు. మీ బండి బానెట్ కింద ఏ పార్ట్ అయినా పీకేముందు, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న మీకు మీరే వేసుకోండి: ఇది ఇక్కడ ఎందుకు పెట్టారు? సమాధానం తెలిశాకే పానా పట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్తగా నడపండి.