క్లెమెన్స్‌ని వదులుకోవడం తప్పేనా?

1996 చివర్లో బోస్టన్ రెడ్ సాక్స్‌కి వచ్చిన చిక్కు: కాంట్రాక్ట్ ముగిసి ఫ్రీ ఏజెంట్ అయిన పిచ్చర్ రోజర్ క్లెమెన్స్‌ని మళ్ళీ తీసుకోవాలా, వద్దా? వయసు 34. ఆ ఏడు 10 గెలుపులు, 13 ఓటములు. ఇక ఇవి ఆఖరి రోజులే అన్నట్టు మాట్లాడాడు జనరల్ మేనేజర్ డాన్ డుకెట్. క్లెమెన్స్ టొరంటో వెళ్ళిపోయాడు.

కానీ గెలుపోటములు పిచ్చర్ ఒక్కడి చేతిలో ఉండవు. సొంత జట్టు పరుగులు తీయకపోతే ఎంత బాగా విసిరినా ఓటమి అతని ఖాతాలోనే. (మా ఆఫీసు అప్రైజల్స్‌లోనూ ఇదే గోల.) స్ట్రైకౌట్లు మాత్రం చాలావరకు అతనివే. అదే సీజన్లో 257, అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. సెప్టెంబర్లో ఒక్క మ్యాచ్‌లోనే 20! డుకెట్ చూడాల్సింది ఆ అంకె.

టొరంటోలో 1997, 1998 రెండేళ్ళూ సై యంగ్ అవార్డు అతనిదే. తర్వాత 2007లో మిచెల్ నివేదిక, 1998లో స్టెరాయిడ్లు మొదలుపెట్టాడంది. అతను కాదన్నాడు. అయితే డుకెట్‌దే రైటా? ఆరోపణ నిజమనుకున్నా, 1997 నాటి 21 గెలుపులు దానికి ముందువి.