టీబీ బిళ్ళల కథ

పోయిన నెల మా సంఘం సమావేశంలో చిన్న గొడవ జరిగింది. గొడవంటే కొట్టుకోలేదు లెండి, గొంతులు పెరిగాయి, అంతే. విషయం ఇదీ. మా మండలంలో నలుగురు క్షయ రోగులకు ఆరు నెలల పాటు పప్పు, నూనె, పాలపొడి లాంటివి ఇవ్వడానికి మా సంఘం 'నిక్షయ్ మిత్ర'గా చేరాలా, వద్దా? 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం ఇది. వ్యక్తులూ సంఘాలూ కంపెనీలూ ఎవరైనా రోగుల్ని 'దత్తత' తీసుకోవచ్చు.

మాలో వయసులో చిన్నవాడు, ఉద్యోగం హైదరాబాదులో, లేచి సూటిగా అడిగాడు. "పప్పు పొట్లాలు పంచి ఫోటోలు దిగడానికా మనం సంఘం పెట్టుకుంది? వైద్యం ప్రభుత్వ బాధ్యత. మనం దానం చేసిన ప్రతి రూపాయీ ప్రభుత్వం తప్పించుకున్న రూపాయి." రిటైరైన మాస్టారు ఒకాయన ఊరుకోలేదు. "నీ సిద్ధాంతం గెలిచే దాకా రోగి ఆకలి ఆగుతుందా అబ్బాయీ?" అన్నారు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది నాకు. అలా అనిపించినప్పుడు నేను చేసే పని ఒకటే, పాత పుస్తకాలు తియ్యడం. ఈ వ్యాసం అలా పుట్టింది.

ముందు నా సంగతి చెప్పాలి. 1968లో నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో ఏడో తరగతి చదువుతున్నాను. అక్టోబరులో మాస్టారు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు, తపాలా బిళ్ళల్లాంటి రంగు బిళ్ళలు అతికించి ఉన్నాయి దాని మీద. టీబీ సీళ్ళు అన్నారు. ఇంటింటికీ తిరిగి అమ్మి డబ్బు తెచ్చి ఇవ్వాలి. ఎక్కువ అమ్మినవాడికి మెప్పు, అమ్మలేనివాడికి చీవాట్లు. బిళ్ళ మీద రెండు అడ్డగీతలున్న ఎర్ర శిలువ గుర్తు ఉండేది. మా వీధి చివర ముసలావిడ దాన్ని చూసి "కిరస్తానీ బిళ్ళ మాకొద్దు నాయనా" అంది. ఉత్తరం మీద అతికిస్తే పోస్టు ఖర్చు ఉండదేమో అనుకుని కొన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు, అది కాదని తెలిశాక నన్ను తిట్టారు. మా నాన్నే జాలిపడి మిగతావి కొన్నాడు. ఆ బిళ్ళలు కొన్న ఇంట్లోనే, వెనక పంచలో, మా మేనత్త దగ్గుతూ పడుకుని ఉంది. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

ఆ ముసలావిడ అన్నదాంట్లో కొంత నిజం ఉందని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ రెండు గీతల శిలువను 1902లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ క్షయ సదస్సులో గిల్బర్ట్ సెర్సిరాన్ అనే ఫ్రెంచి డాక్టరు ప్రతిపాదించాడు. క్రూసేడులనే మతయుద్ధాల నాటి గుర్తు అది. సైన్సు పేరుతో చేసే పోరాటానికి మతయుద్ధం జెండా! రోగక్రిమిని కోచ్ 1882లోనే చూపించేశాడు, అయినా జనాన్ని కదిలించడానికి సూక్ష్మదర్శిని బొమ్మ చాలదని వాళ్ళకు తెలుసు.

బిళ్ళల ఆలోచన మాత్రం డాక్టర్లది కాదు. డెన్మార్కులో ఐనార్ హోల్బోల్ అనే తపాలా గుమస్తాది. క్రిస్మస్ రోజుల్లో కొండల్లా పడే ఉత్తరాలు సర్దుతూ, ఒక్కో ఉత్తరం మీద ఒక్క అణా బిళ్ళ అదనంగా పడితే జబ్బు పిల్లలకు ఎంత డబ్బు వస్తుందో లెక్క వేశాడట. 1904లో మొదటి బిళ్ళ వచ్చింది, ఆ ఏడే నలభై లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఈ సంగతి అమెరికాలో జేకబ్ రీస్ అనే పత్రికా రచయిత రాశాడు. ఆయన కూడా డెన్మార్కు నుంచి వెళ్ళినవాడే, తోడబుట్టిన ఆరుగురిని క్షయకు పోగొట్టుకున్నవాడు. 1907లో డెలవేర్ రాష్ట్రంలో ఒక చిన్న క్షయ చికిత్సాశాల మూసేయాల్సిన స్థితికి వచ్చింది. కావలసింది 300 డాలర్లు. ఎమిలీ బిస్సెల్ అనే ఆవిడ రీస్ వ్యాసం చదివి, అప్పు తెచ్చి బిళ్ళలు అచ్చు వేయించి పోస్టాఫీసులో ఒక్కోటి ఒక సెంటుకు అమ్మింది. మొదట్లో సరిగా పోలేదు. ఫిలడెల్ఫియాలో ఒక దినపత్రిక ఆ కథను భుజాన వేసుకున్నాక మాత్రం 3,000 డాలర్లు వచ్చాయి, అడిగినదానికి పదింతలు. మరుసటి ఏడు రెడ్‌క్రాస్ దేశమంతా అమ్మితే 1,35,000 డాలర్లు. (ఈ బిస్సెల్ గారే ఆడవాళ్ళకు ఓటు హక్కు వద్దని ప్రచారం చేసింది కూడా. మనుషులు ఒక గదిలో దీపం పెట్టి పక్క గది తలుపు మూసేస్తుంటారు.)

ఇందులో నన్ను ఆకట్టుకున్నది డబ్బు కాదు. మూడు వేల డాలర్లతో ఆ రాష్ట్రంలో క్షయ పోదు కదా. ఆ రోజుల్లో అమెరికా పత్రికల నిండా క్షయకు అద్భుత మందుల ప్రకటనలే. సీసాలో రంగునీళ్ళు, కొన్నింట్లో నల్లమందు. ఈ మోసాలను 1905లో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ అనే విలేఖరి వరసగా బయటపెట్టాడు. అలాంటి చోట ఉత్తరం వెనక అంటించిన చిన్న బిళ్ళ 'ఇది అంటువ్యాధి, శాపం కాదు, వంశపారంపర్యం కాదు, తగ్గించవచ్చు' అనే మాటను ఇంటింటికీ మోసింది. ప్రభుత్వం పైసా ఇవ్వని చోట బిళ్ళల డబ్బుతో ఒక నర్సును పెట్టడం, ఆమె పనికి ఫలితం చూపించడం, ఆ తర్వాత నగరపాలక సంస్థ మీద పడి "ఇకనుంచి జీతం మీరివ్వండి" అని అడగడం. వాళ్ళు పట్టుకున్న పద్ధతి ఇది. మా కుర్రవాడు సమావేశంలో అడగాల్సింది దీని గురించే అనిపించింది. దానం చేసి చేతులు దులుపుకోవడం వేరు, దానాన్ని ప్రభుత్వం ముందు సాక్ష్యంగా పెట్టడం వేరు.

ఇక మన దేశం. ఇక్కడ కూడా డెన్మార్కు వాసనే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1910ల్లో మొదలైంది, పలు క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టినది. దాన్ని నిలబెట్టినవాడు క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ అనే డెన్మార్కు డాక్టరు. 1939లో భారత క్షయ నివారణ సంఘం ఏర్పడినప్పుడు ఢిల్లీలో ఆ సంఘానికి వైద్య సారథి ఆయనే. వైస్రాయి భార్య లేడీ లిన్‌లిత్‌గో రాజుగారి పేరు మీద వసూలు చేసిన నిధితో ఆ సంఘం పుట్టింది. జమీందార్లూ సంస్థానాధీశులూ చందాలు రాశారు. ఎవరి ముందు మంచి అనిపించుకోవడానికి రాశారో వేరే చెప్పక్కర్లేదు. బిళ్ళలు స్వాతంత్ర్యం తర్వాత 1950లో వచ్చాయి. ఏటా గాంధీ జయంతి నాడు అమ్మకం మొదలు. నేను చీవాట్లు తిన్నది అందుకే!

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 1946లో భోర్ కమిటీ నివేదిక ఏం చెప్పిందంటే, దేశంలో క్షయ రోగులు సుమారు 25 లక్షలు, ఏటా చావులు 5 లక్షలు, క్షయకు ఉన్న మంచాలు దాదాపు 6,000. అంటే ఒక్కో మంచానికి ఏడాదికి ఎనభై పైచిలుకు చావులు. ఎన్ని బిళ్ళలు అమ్మితే ఈ లెక్క సరిపోతుంది? అప్పటి ప్రచారమంతా కొండగాలి, తెల్ల దుప్పట్లు, వరండాలో వరసగా మంచాలు. కమలా నెహ్రూ గారు భోవాలిలో ఉండి, తర్వాత యూరప్ వెళ్ళి 1936లో లొసాన్‌లో చనిపోయారు. అంత వైభోగం ఉన్నా దక్కలేదు. మన ఊరి కూలీకి ఆ బొమ్మ చూపించి ఏం లాభం?

డబ్బు లేకపోవడమే ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేయించింది. అసలు మంచం అవసరమా? 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి ఒక కేంద్రం పెట్టాయి. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు నడిపించాడు. 193 మంది పేద రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియంలో, మంచి తిండి, విశ్రాంతి. రెండో గుంపు మురికివాడలో తమ ఇళ్ళలోనే, అదే ఇరుకు, అదే గంజి. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగా తగ్గింది. ఇంట్లోవాళ్ళకు అంటుకోవడం కూడా పెరగలేదు. శానిటోరియాల కాలం ఆ కాగితంతో ముగిసిందని చెప్పొచ్చు. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం దీని మీదే నిలబడింది. మన మంగళగిరి టీబీ శానిటోరియం ఉన్న స్థలంలో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. అటుగా బస్సులో వెళ్ళినప్పుడల్లా నాకు ఆ 193 మంది గుర్తొస్తారు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

బి.సి.జి. టీకా సంగతి చెప్పకపోతే మనవాళ్ళు ఒప్పుకోరు. మన దేశంలో ఆ టీకా 1948లో మదనపల్లెలోనే మొదలైంది. 1951 నుంచి దేశమంతా ఉద్యమంలా వేశారు. రాజాజీ గారు ముఖ్యమంత్రి పదవి వదిలాక 1955లో దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆరోగ్యవంతుల ఒంట్లోకి క్రిములు ఎక్కించడం ప్రమాదమని ఒక మాట, ఇది పనిచేస్తుందని రుజువేదని ఇంకో మాట. మొదటి భయం నిలబడలేదు. రెండో ప్రశ్న నిలబడింది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనంతో ప్రయోగం మొదలుపెడితే, పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపడం లేదని 1979లో తేలింది. పసిపిల్లలకు వచ్చే మెదడు పొర క్షయ లాంటి వాటినుంచి కాపాడుతుంది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు, వెయ్యాలి కూడా. కానీ ఇరవై ఏళ్ళ ప్రచారంలో 'ఎంతవరకు' అన్న మాట ఎక్కడా వినపడలేదు. అనుమానించినవాణ్ణి ఛాందసుడన్నారు. అందులో ఛాందసం కొంత ఉంది కూడా. అయినా ప్రశ్న అడిగినవాడి బొట్టు చూసి ప్రశ్నను కొట్టేస్తే నష్టపోయేది మనమే.

ఇక మా మేనత్త. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. జబ్బు తెలిశాక కంచం, గ్లాసు వేరు, మంచం వెనక పంచలోకి. సూదులూ బిళ్ళలూ రెండు నెలలు వాడేసరికి దగ్గు తగ్గింది, ఒళ్ళు కాస్త చేసింది. ఇంక మందులెందుకన్నారు. మళ్ళీ ముంచుకొచ్చినప్పుడు చేతబడి అన్నాడు ఒక భూతవైద్యుడు. నల్లకోడి, నిమ్మకాయలు, తాయెత్తు. ఆస్పత్రికి తీసుకెళితే నలుగురికీ తెలుస్తుంది, ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలున్నారు. 1970లో పోయింది. ముప్ఫై నాలుగేళ్ళు. ఊళ్ళో అందరికీ జ్వరంతో పోయిందని చెప్పారు. టీబీ బిళ్ళలు కొన్న మా నాన్నే చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. బిళ్ళ మీద శిలువ గుర్తు, పైన అందమైన బొమ్మ ఉన్నాయి గానీ, దగ్గు తగ్గినా ఏడాది పాటు మందు మానకూడదు అన్న ఒక్క వాక్యం మాకు ఎవరూ చెప్పలేదు. నేను ఇల్లిల్లూ తిరిగి ఏం అమ్మానో నాకే తెలియదు.

అందుకే సమావేశంలో మాస్టారి మాట నన్ను కదిలించినా, అక్కడే ఆగలేకపోయాను. పప్పు ఇస్తే క్షయ తగ్గుతుందనడానికి రుజువేమిటి? ఉంది. జార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ బృందం చేసిన ప్రయోగం 2023లో లాన్సెట్‌లో వచ్చింది. 2,800 మంది రోగులు, వాళ్ళ ఇళ్ళలో 10,345 మంది. రోగులందరికీ తిండి సాయం ఇచ్చారు. సగం చోట్ల ఇంట్లోవాళ్ళకు కూడా నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మద్రాసు ప్రయోగం మందు ఉంటే మంచం అక్కర్లేదంది. జార్ఖండ్ ప్రయోగం రోగితో పాటు ఇంటిల్లిపాదికీ తిండి కావాలంటోంది. రెండింటికీ వైరుధ్యం లేదు. మొదటిది రోగికి నయం కావడం గురించి, రెండోది పక్కవాడికి రాకుండా ఉండడం గురించి.

ఇంకో పక్క ప్రభుత్వం రోగికి తిండి ఖర్చుకని 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. దాత పొట్లం దీనికి అదనం. 2025 నాటికి క్షయను అంతం చేస్తామని 2018లో ప్రకటించుకున్నాం. 2025 దాటింది, ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మంది ఇంకా మన దగ్గరే ఉన్నారు. అదే 2025లో అమెరికా విదేశీ సాయం ఆపేయడంతో చాలా దేశాల్లో క్షయ కార్యక్రమాలు తలకిందులయ్యాయి. ఒకరి దయ మీద నడిచేది వాళ్ళకు కోపం వచ్చిన రోజు ఆగిపోతుంది, మా కుర్రవాడి వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఎక్కడ?

మా నలుగురిలో ఇద్దరికి ఆ వెయ్యి రూపాయలు నెలల తరబడి ఖాతాలో పడలేదని విచారిస్తే తెలిసింది. ఒకామెకు బ్యాంకు ఖాతా ఆమె పేరు మీద లేదు. ఇంకొకాయనకు ఎందుకు పడలేదో ఎవరూ చెప్పడం లేదు.

మొన్న ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. నలుగురికీ చేరదామనుకున్నాం. పొట్లం రోగికి మాత్రమే కాక ఇంటిల్లిపాదికీ సరిపడా ఇవ్వాలని నిర్ణయం. ఫోటోలు లేవు, పేర్లు బయటికి రావు. ప్రతి నెలా వెళ్ళేవాడు మాత్రలు ఎన్ని మిగిలాయో చూసి, ఆపితే ఏమవుతుందో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పాలి. ఆ పని నేను తీసుకున్నాను. ఆ వెయ్యి రూపాయల లెక్క అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు కుర్రవాడు రాశాడు, మాస్టారు అచ్చుతప్పులు దిద్దారు. సోమవారం పోస్టులో వెళుతుంది.