రఖ్ఖాస్ అంటే పెండ్యులమే

ఇంటర్ చదివే పిల్లలున్న మన ఇళ్లలో ప్రాక్టికల్స్ తయ్యారీ అంటే ఏమిటి? సీనియర్ రికార్డు తెచ్చి నకల్ చేయడం. బొమ్మలే కాదు, రీడింగులు కూడా. ఒక్కో సబ్జెక్టుకు 30 మార్కులు కదా, అబ్బాజాన్‌కు ఆ ఫికరే!

నేను ఉర్దూ మీడియంలో చదివాను. సైన్స్ కాపీలో మూడు లఫ్జులు రాసేవాళ్లం: తజుర్బా, ముషాహిదా, నతీజా. ప్రయోగం, పరిశీలన, ఫలితం. మా స్కూల్లో సైన్స్ అల్మారాకు ఎప్పుడూ తాళమే. తజుర్బా పుస్తకంలో జరిగేది, ముషాహిదా బోర్డు మీద.

ఇలాంటి మాటలను ఉర్దూలో కుదర్చడానికి ఒక జమానాలో హైదరాబాద్ ఎంత మెహనత్ చేసిందో! ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో దారుత్తర్జుమా పెట్టారు. సైన్స్, తిబ్బ్, ఇంజినీరింగ్ కితాబులన్నీ ఉర్దూలోకి రావాలి. కొత్త మాటలు అరబ్బీ నుంచి తేవాలా, ఉర్దూ సొంత నడకలో కట్టుకోవాలా అని పెద్ద బహస్. వహీదుద్దీన్ సలీం రెండో పక్షం. 1921లో దాని మీద ఏకంగా ఒక కితాబే రాశారు. అలా మనకు మిగిలిన మాటల్లో నాకు ఇష్టమైనది రఖ్ఖాస్. నాట్యం చేసేవాడని అర్థం. పెండ్యులం అన్నమాట. ఆ ఉర్దూ తాలీమ్‌తోనే రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జ్ వెళ్లారు, జర్మనీలోని లైప్‌జిగ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు.

ముషాహిదా మాత్రం ఇంకా పాతది. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టిన ఇబ్నుల్ హైతమ్, వెలుతురు తిన్నగా వెళ్తుందని ఊరికే చెప్పి వదల్లేదు. చీకటి గదికి ఒక రంధ్రం, బయట వరుసగా దీపాలు. లోపల గోడ మీద ఎన్ని దీపాలో అన్ని మచ్చలు. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చే పోయింది, మిగతావి కదల్లేదు. ఎవరైనా చేసి చూసుకోవచ్చు.

రఖ్ఖాస్‌కైతే ల్యాబ్ కూడా అక్కర్లేదు. దారానికి చిన్న రాయి కట్టి కిటికీ చువ్వకు వేలాడదీయండి. కట్టిన చోటు నుంచి రాయి నడిమి దాకా ఒక మీటరు. కొంచెమే పక్కకు లాగి వదలండి. 20 ఊపులకు దాదాపు 40 సెకన్లు పడుతుంది. దారం పావు మీటరు చేస్తే 20 సెకన్లే! ఎందుకని బిటియాను అడగండి, వైవాలో అడిగేదీ అదే. 39 వస్తే 39 అనే రాయనివ్వండి. స్టాప్‌వాచ్ అమ్మీ ఫోన్‌లో ఉంది.